సూరతు నగర రూపచిత్రణము

హిందీ భాషలో 'సూరత్' అను మాటకు ముఖము, ఆకారము, రూపము అని అర్థములు. గుజరాతు రాష్ట్రమున తపతీ నదీతీరమందున్న సూరతు నగరమునకును ఆ మాటకును సంబంధము లేదు. ఉర్దూ లిపిలో నగరము పేరును 'సీన్' అను అక్షరముతోను, ముఖమను అర్థము గల మాటను 'స్వాద్' అను అక్షరముతోను వ్రాయుదురు. దేవనాగరిలోనికి వచ్చుసరికి ఆ భేదము మాసిపోవును. హిందీ నుండి తెలుగు చేయువారు వాక్యములో ఈ మాట ఎదురైనప్పుడు ఊరా, మోమా అని ఒక్క క్షణము ఆగవలసివచ్చుట కద్దు.

నగరము పేరును గూర్చి కథలు పెక్కు కలవు. ఇది పూర్వము సూర్యపురమని కొందరందురు. 16వ శతాబ్ది ఆరంభమున ఈ ఊరిని పెంపొందించిన మలిక్ గోపీ అను సంపన్నుడు దీనికి 'సూరజ్' అని పేరు పెట్టగా, గుజరాతు సుల్తాను దానిని ఖురానులోని అధ్యాయములకు పేరైన 'సూరా' అను మాటకు దగ్గరగా 'సూరత్' అని మార్చెనని మరికొందరు చెప్పుదురు. పేరు సంగతి అటులుండనిండు. ఈ నగరము యొక్క రూపమును ఎవరు చిత్రించిరి, ఆ చిత్రములను ఎవరి కంటికి ఎదురుగా ఎక్కడ వ్రేలాడదీసిరి అనునదే ఇచ్చట విచారింపదగిన విషయము. ఒక ఊరి నదిని, కోటను, తోటను, ఆ ఊరివాడే ఛాయాచిత్రముగా తీసి, దానిని ఆ ఊరివారే చూచునట్లు నలుగురు తిరుగు చోట నిలుపుట నేడు సామాన్యముగా తోచును. సూరతు విషయమున అంతవరకు వచ్చుటకు మూడు వందల ఏండ్లకు పైగా పట్టినది.

తపతి మన పాఠకులకు క్రొత్త కాదు. ఆదిపర్వమున నన్నయ చెప్పిన తపతీసంవరణుల కథ తెలిసినవారికి ఆమె సూర్యపుత్రి, కురువంశమునకు తల్లి. మధ్యప్రదేశమున ముల్తాయి వద్ద పుట్టి 700 కిలోమీటర్లకు పైగా పడమరగా ప్రవహించి సూరతును దాటి ఆమె సముద్రమున కలియును. గుజరాతువారు తాపీ అందురు. ఆ ఒడ్డుననే, పోర్చుగీసువారు పలుమార్లు ఊరిని తగులబెట్టిన తరువాత, ఖుదావంద్ ఖాను 1540 మొదలు 1546 వరకు కోట కట్టించెను. మొగలాయి ప్రభువుల కాలమున హజ్ యాత్రికులు ఓడ ఎక్కినది ఇచ్చటనే. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మన మచిలీపట్నమున దిగి, అటుపిమ్మట ఒకటి రెండు సంవత్సరములలో సూరతున వర్తకశాల స్థాపించిరి. తూర్పుతీరమున మచిలీపట్నము ఎట్టిదో పడమటితీరమున సూరతు అట్టిది. రెండును బట్టల వలన బ్రతికినవి. రెండును తరువాత వచ్చిన రేవుల ధాటికి వెనుకబడినవి.

17వ శతాబ్దిలో ఐరోపాలోని ముద్రణశాలలలో సూరతు దృశ్యములు రాగిరేకులపై చెక్కి అచ్చువేయబడినవి. అట్టి చిత్రముల పోకడ ఇంచుమించుగా ఒక్కటే. ముందు భాగమున నిండు తెరచాపలతో ఓడలు, వెనుక పొడుగుగా ఒక గోడ, గోడ మీదుగా కొన్ని మీనారులు, ఒక మూల రెండు తాడిచెట్లు. ఓడలకు ఇచ్చిన శ్రద్ధ ఊరికి లేదు. చిత్రకారుని దృష్టి నీటి మీది నుండి ఒడ్డు వైపునకు ఉన్నది, అనగా సరకు కొరకు వచ్చినవాని దృష్టి. ఈ చెక్కడపు పనివారిలో పెక్కుమంది ఈ దేశమును చూచియైన ఎరుగరు. నావికుల వర్ణనలను బట్టియు, వెనుకటి చిత్రములను బట్టియు గీసిరి. కావుననే ఆ గోడ, ఆ మీనారులు ఏ రేవుకైనను సరిపోవును.

1730 ప్రాంతమున లండనులోని ఈస్టిండియా కంపెనీ భవనమునకు జార్జి లాంబర్టు, శామ్యూలు స్కాటు అను ఇద్దరు చిత్రకారులు ఆరు పటములు వ్రాసి ఇచ్చిరి. డైరెక్టర్ల సభామందిరమున గోడలకు తగిలించుటకు అవి ఉద్దేశింపబడినవి. బొంబాయి, కలకత్తాలోని విలియం కోట, చెన్నపట్నములోని సెంటు జార్జి కోట, తలచేరి, సెంటు హెలీనా ద్వీపము, గుడ్‌హోప్ అగ్రము, ఇవి ఆ ఆరును. సూరతు లేదు. కంపెనీకి ఈ దేశమున మొదట ముఖ్యస్థానమైన ఊరు గోడమీద నుండి జారిపోయినది. కారణము స్పష్టమే. 1687లో ప్రధానస్థానము బొంబాయికి మారినది. సూరతున కంపెనీకి అప్పుడు స్వంత కోట లేదు. ఆ మందిరమున కూర్చుండువారు చూడగోరినది తమ కోటలను. ఒక దృశ్యము గోడ ఎక్కవలెనన్న దాని అందము చాలదు, ఆ గోడ ఎవరిదో వారికి అది తమదిగా తోచవలెను. ఆ ఇద్దరు చిత్రకారులును భారతదేశమున అడుగు పెట్టినవారు కారన్న సంగతి కూడ ఇచ్చట గమనింపదగినది.

అయినను ఈ ప్రాంతపువారి చేతి చిత్రములు లేకపోలేదు. ఔరంగజేబు కుమార్తె జేబున్నీసా ఆశ్రయమున సఫీ ఇబ్న్ వలీ అను పండితుడు 1676లో సూరతున ఓడ ఎక్కి మక్కాయాత్ర చేసి వచ్చి, 'అనీసుల్ హుజ్జాజ్' అను గ్రంథమును పారసీలో వ్రాసెను. యాత్రికునకు తోడుగా ఉండునది అని ఆ పేరునకు అర్థము. దాని సచిత్రప్రతి ఒకటి ఇప్పుడు లండనులోని ఖలీలీ సంగ్రహమున కలదు. అందలి బొమ్మలు గుజరాతు చిత్రకారులవి కావచ్చునని పండితుల అభిప్రాయము. ఓడలు, రేవు, జనసమూహములు అందు కనబడును. ఆ బొమ్మలు యాత్రకు బయలుదేరువానికి దారి చూపుటకు పుట్టినవి. వానిలో ఊరు, తీరము, ఓడలోని మనిషి ఒకే కొలతకు వచ్చుదురు. దూరమున ఉన్నది చిన్నదిగా, దగ్గర ఉన్నది పెద్దదిగా వ్రాయవలెనన్న ఐరోపా నియమము ఆ చిత్రకారులకు పట్టదు. ముఖ్యమైనది పెద్దది, అంతియే.

గుజరాతు, రాజస్థాన ప్రాంతముల జైనులలో ఇంతకంటె విచిత్రమైన ఆచారము ఒకటి ఉండెను. వర్షాకాలమున తమ ఊరికి విచ్చేసి చాతుర్మాస్యము గడుపుమని ఆచార్యుని వేడుకొనుచు శ్రావకసంఘమువారు ఒక లేఖ పంపుదురు. దీనిని విజ్ఞప్తిపత్రమందురు. పేరునకు లేఖయే గాని అది చుట్టగా చుట్టిన అనేక అడుగుల పొడవుగల పటము. మొదట మంగళచిహ్నములు, తీర్థంకరుని తల్లి కన్న స్వప్నములు, తరువాత ఆ ఊరి రాజవీథి, అంగళ్లు, ఆలయములు, బజారున బేరమాడువారు, చివర విన్నపము. 1610లో ఆగ్రా సంఘమువారు పంపినదానిని ఉస్తాద్ శాలివాహనుడు చిత్రించెను. ఆ కళ ఆ పిమ్మట రెండు మూడు శతాబ్దులు నిలిచినది. మన కలంకారీ పటములను విప్పుచు కథ చెప్పువారివలె దానిని కొంచెము కొంచెముగా విప్పి చూడవలెను. తమ ఊరిని తామే బొమ్మగా వ్రాయించి, సంఘమంతయు కలిసి అంగీకరించి, "ఇదిగో, ఇట్టిది మా ఊరు, రండు" అని పంపుట ఎంత చక్కని భావన! పశ్చిమభారతమున స్థానికుల నగరదృశ్యచిత్రణమునకు మూలము వెదకవలెనన్న నేను ఆ రాగిరేకుల దగ్గరకు పోను, ఈ పటముల దగ్గరకు పోదును. సూరతున గోపీపురా మొదలగు పేటలలో జైనసంఘములు పురాతనములు. ఆ నగరపు శ్రావకులకు ఈ సంప్రదాయము అపరిచితమై ఉండదు.

ఇక ఛాయాచిత్రము. ఈ కథలో ఒక దురదృష్టము కలదు. పారిసునగరమున దగేరు కనిపెట్టిన విద్య 1839లో లోకమునకు ప్రకటింపబడినది. అంతకు రెండేండ్ల ముందు, 1837 ఏప్రిలు మాసమున, సూరతు అంటుకొన్నది. తొమ్మిది వేలకు పైగా ఇండ్లు కాలిపోయినవి. అదే సంవత్సరము వర్షాకాలమున తాపీ పొంగి, మిగిలినదానిని ముంచినది. హిందూ వర్తకులు, పారసీకులు పెక్కుమంది బొంబాయికి తరలిపోయిరి. 1847 నాటికి జనాభా 80,000కు దిగినది. మొగలాయి కాలపు సూరతు, చెక్కిన కొయ్యదూలములు, వసారాలు గల ఆ సూరతు, ఏ కటకము ముందును నిలువలేదు. కనుక ఆ నగరము ఎట్లుండెడిదో తెలిసికొనుటకు మనకు ఆ ఓడల చెక్కడములును, యాత్రికుల వ్రాతలును, ఒకటి రెండు పారసీ ప్రతులును తప్ప మరేమియు లేదు. రెండు సంవత్సరములు, లేక, కెమేరా ఈ తీరమునకు చేరుటకు పట్టిన కాలము కూడ లెక్కించిన ఇంచుమించు ఇరువది. ఆ మాత్రపు ఎడములో ఒక నగరము యొక్క ముఖము పోయినది.

బొంబాయిలో ఛాయాచిత్ర సంఘము 1854లో వెలసినది. మరుసటి ఏడు ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున ఈ విద్య నేర్పుటకు తరగతి పెట్టిరి. డాక్టరు భావు దాజీ సోదరుడు నారాయణ దాజీ, హరిచంద్ చింతామణి మొదలగు భారతీయులు అందు త్వరలోనే పేరు పొందిరి. సూరతునకు కెమేరా ఘనముగా వచ్చినది 1860 తరువాత. థియోడోరు హోపు అను సివిలు అధికారి గుజరాతు ప్రాచీననగరములను గూర్చి 1868లో ఒక పుస్తకము ప్రకటించెను. దాని పేరున ముందుగా నిలిచినవి సూరతు, భరూచి. అందుకు ఛాయాచిత్రములు తీసినవారు లిండ్లే, వారెన్ అనువారు. ఆ కాలపు పద్ధతిని బట్టి ఆ బొమ్మలు అచ్చువేసినవి కావు, నిజమైన ఛాయాచిత్రములను కాగితములకు అంటించినవి. అటువంటి పుస్తకము ఎన్ని ప్రతులు చేయగలరు, ఎందరు కొనగలరు? అధికారుల బల్లల మీదను, సంపన్నుల గ్రంథాలయములందును అది నిలిచిపోయినది. ఈ హోపు పేరిటనే 1877లో తాపీ మీద వంతెన వెలసినది. వంతెన మీద ఊరివారందరును నడచిరి. పుస్తకమును ఊరివారు చూడలేదు.

దీనికి రెండు సంవత్సరములకు ముందు వచ్చిన మరియొక పుస్తకమును హోపు పుస్తకము ప్రక్కన పెట్టి చూడవలెను. ఆధునిక గుజరాతీ సాహిత్యమునకు ఆద్యుడని పేరొందిన నర్మద్ సూరతువాడు, 1833లో పుట్టినవాడు. 1866 ప్రాంతమున ఆయన తన ఊరిని గూర్చి 'సూరత్‌నీ ముఖ్తేసర్ హకీకత్' అను చిన్న చరిత్ర ప్రకటించెను. సూరతు సంక్షిప్తవృత్తాంతము అని దాని పేరునకు అర్థము. ఊరు కాలుట, మునుగుట, వర్తకము తరలిపోవుట, ఈ బాధలన్నియు ఆయన తరమువారికి ఇంటింటి కథలు. ఒకే దశాబ్దమున ఒకే ఊరిని గూర్చి రెండు పుస్తకములు వెలువడినవి. ఊరివానికి మాట ఉన్నది, కెమేరా లేదు. పరదేశికి కెమేరా ఉన్నది. మరియొక చిత్రమేమనగా, ఇదే హోపు పీఠికతో కర్నలు బిగ్స్ తీసిన అహమ్మదాబాదు ఛాయాచిత్రముల గ్రంథము 1866లో వెలువడగా, దానికి ధనసాహాయ్యము చేసినవాడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. బొంబాయి పత్తి వ్యాపారమున కోట్లు గడించి, పోగొట్టుకొని, మరల నిలద్రొక్కుకొన్న ఈ ధనికుడు పుట్టినది సూరతునందే. డబ్బు సూరతువానిది, కన్ను ఆంగ్లేయునిది.

దీనిని స్థానికుల అశ్రద్ధగా భావింపరాదు. ఆ నాటి పద్ధతి తెలిసినచో ఆ అనుమానము తొలగును. గాజుపలకకు కొలోడియన్ అను జిగట ద్రవము పూసి, వెండిలవణపు నీటిలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, తడి ఆరకముందే చీకటిలో దానిని కడిగి రూపము తేవలెను. ప్రకృతిదృశ్యము తీయగోరువాడు డేరాను, సీసాలను, గాజుపలకలను, నీటికుండలను బండి మీద వేసికొని, నలుగురైదుగురు కూలీలతో నదిఒడ్డుకు పోవలెను. గుజరాతు వేసవిలో ఆ తడి ఎంతసేపు నిలుచునో ఊహించుకొనవచ్చును. కూలివానికి చెల్లించగలవాడే దృశ్యము తీయగలడు. 1880 తరువాత పొడిపలకలు వచ్చినవి, 1888లో చుట్టలుగా వచ్చు ఫిల్ముతో కొడాక్ పెట్టె వచ్చినది. అప్పటికి గాని కెమేరా నౌకరీ చేసికొను మనిషి చంకకు అందలేదు.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి ఇచ్చట స్ఫురించుచున్నది. మీరటు వద్ద సర్ధనాలో 1844లో పుట్టి, ఇందూరు మరామత్తు శాఖలో నక్షాలు గీయుచు కెమేరా పట్టిన లాలా దీనదయాళుడు, హైదరాబాదు ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున చిత్రశాల పెట్టి, రాజా బిరుదమును పొందెను. మన కోటలను, చెరువులను, రాళ్లగుట్టలను ఆయన తీసినట్లు మరొకరు తీయలేదు. 1893లో చికాగో ప్రదర్శనమునకు ఆయన చిత్రములు పోయినవి. ఆయన కన్ను ఈ దేశపు కన్నే. అయినను ఆ దృశ్యములు పట్టుఅట్టల ఆల్బములుగా కుట్టబడి, రాజప్రతినిధులకు, అతిథులకు బహూకరింపబడినవి. గోలకొండ ప్రక్క పొలము దున్నినవానికి గోలకొండ పటము అందలేదు. తీసినవాడు మనవాడైనంత మాత్రమున బొమ్మ మనయెదుటకు వచ్చునని అనుకొనరాదు.

చిత్రములను సామాన్యునకు చూపినది మొదట పత్రిక. చుక్కలుగా విడదీసి బొమ్మను అచ్చువేయు హాఫ్‌టోన్ విధానము వచ్చిన తరువాత ఛాయాచిత్రము అక్షరములతోపాటు యంత్రము మీదికి ఎక్కినది. హాజీ మహమ్మద్ అల్లారఖియా శివజీ 1916లో బొంబాయి నుండి ప్రారంభించిన 'వీస్మీ సదీ' అను గుజరాతీ మాసపత్రిక బొమ్మల కొరకు ఆస్తి ధారపోసిన పత్రిక. 1924లో రవిశంకర్ రావల్ అహమ్మదాబాదున స్థాపించిన 'కుమార్' మరింత కాలము నిలిచి, చిత్రములను చూచుటకు ఒక తరమునకు కన్ను నేర్పినది. పత్రిక చేతినుండి చేతికి పోవును, క్షౌరశాలలో పడియుండును, పుట కత్తిరించి గోడకు అంటింతురు. మన ఇండ్లలో భారతి ముఖపత్రచిత్రములు అట్లే గోడ ఎక్కినవి కదా.

అయితే బొమ్మను ఆరుబయట నిలిపి పల్లెవాని కంటికి ఎదురుగా పెట్టిన ఘట్టము సూరతు జిల్లాలోనే, తాపీ ఒడ్డుననే జరిగినది. అది 1938 ఫిబ్రవరిలో హరిపురా కాంగ్రెసు. సుభాష్ చంద్రబోసు అధ్యక్షుడు. విఠల్‌భాయి పటేలు పేరిట విఠల్‌నగర్ అని వెదురుతోను, తడికలతోను ఒక పట్టణమే లేచినది. 51వ మహాసభ కనుక 51 ఎడ్లు కట్టిన రథముపై అధ్యక్షుని ఊరేగించిరి. ఈ నగరమును అలంకరించుమని గాంధీజీ నందలాల్ బోసును కోరెను. ఆయన కోరిక సరళమైనది. అచ్చట దొరకు వస్తువులతోనే చేయవలెను, పొలమునుండి వచ్చినవాడు దారిన పోవుచు చూచి ఆనందింపవలెను. నందలాలు కాగితము మీద మట్టిరంగులతో డోలువాడు, సన్నాయివాడు, వడ్రంగి, పాలు చిలుకు స్త్రీ, సవరము చేయువాడు, ఎద్దుతో రైతు, ఇట్టి బొమ్మలను వేగముగా వ్రాసెను. ఆయన స్వహస్తముతో వ్రాసినవి ఎనుబదికి పైగా. శిష్యులు, సహచరులు వానికి ప్రతులు తీయగా మొత్తము నాలుగు వందల వరకు అయినవి. గుజరాతు చిత్రకారుడు కనూ దేశాయియు ఆ అలంకరణమున పాలుపంచుకొనెను. ద్వారములకు, గుడారములకు వానిని తగిలించిరి. చెక్కచట్రము లేదు, గాజు లేదు, ప్రవేశరుసుము లేదు.

అవి ఛాయాచిత్రములు కావు, నందలాలు సూరతువాడును కాడు. ఐనను మన విషయమునకు హరిపురా మూలస్తంభమని నా అభిప్రాయము. బొమ్మ యెవరి ఎదుట నిలువవలెనన్న ప్రశ్నకు అంత నిస్సంకోచమైన సమాధానమును మన దేశమున అంతకుముందు ఎవరును ఇవ్వలేదు. ఆ పటములు తరువాత ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీకి చేరినవి. 2019లో వెనిస్ నగరపు అంతర్జాతీయ ప్రదర్శనమున భారతమందిరమున వానిని చూపిరి. ఎండకు, ధూళికి వారము దినములు నిలిచిన చాలునని వ్రాసిన కాగితములు ఇప్పుడు చల్లని గదులలో ఉన్నవి. కాపాడినందుకు సంతోషింపవలసినదే. కాని వానిని గదిలో చూచునప్పుడు, ఆ డోలువాని కాలిక్రింద ఒకప్పుడు తాపీ ఇసుక ఉండెనని గుర్తు చేసికొనక తప్పదు.

స్వాతంత్ర్యానంతరము కెమేరాను ప్రకృతివైపు త్రిప్పి జీవితమును దానికే అంకితము చేసిన సూరతువాడు అశ్విన్ మెహతా. 1931లో సూరతున జన్మించెను. ఛాయాచిత్రకళయనగా పెండ్లిబొమ్మ, లేదా వార్తాబొమ్మ అని లోకము తలచుచున్న కాలమున ఈయన హిమాలయముల మంచును, సముద్రపు అలను, రాతిమీది పాచిని, ఒక్క ఆకు మీది వెలుతురును తీయుచు పోయెను. 'హిమాలయ' అను ఆయన గ్రంథము 1985లోను, భారతతీరములను గూర్చిన గ్రంథము 1987లోను లండనునుండి వెలువడినవి. వల్సాడు వద్ద తీథల్ సముద్రతీరమున నివాసమేర్పరచుకొని ఏకాంతముగా జీవించి 2014లో మరణించెను. ఆయన చిత్రములలో మనుష్యులు అరుదు. కోటలు, వంతెనలు మృగ్యము. సముద్రము తగ్గిన తరువాత తడి ఇసుకపై మిగిలిన గీత ఒకటి చాలును ఆయనకు. సూరతు బజారులో పుట్టినవానికి ఇంత మౌనము ఎట్లు అబ్బినదా అనిపించును. బహుశః ఆ బజారు వలననే అబ్బినదేమో.

గుజరాతీలో ఛాయాచిత్రమునకు 'ఛబి' అను మాట కలదు. అది సంస్కృతమున కాంతివాచకమైన 'ఛవి'. మనము ఛాయ అని నీడ పేరు పెట్టితిమి, వారు వెలుగు పేరు పెట్టిరి. సంస్కృతమున ఛాయకును కాంతి యను అర్థము ఉన్నదని నిఘంటువు చూపి సమర్థించుకొనవచ్చును గాని, నేటి తెలుగువాని చెవికి ఛాయ నీడయే. మెహతా ఆత్మకథకు పేరు 'ఛబి భీతర్‌నీ'. లోపలి ఛబి అని మాటకు మాట చెప్పవచ్చును. కాని అందు బొమ్మ, కాంతి, రూపము మూడును ఉన్నవి. తెలుగులో ఏ ఒక్క మాటయు ఆ మూటిని మోయజాలదు.

మెహతా వంటివాని చిత్రములు కూడ లండను ముద్రణశాలల దారినే లోకమునకు చేరినవన్నది ఆలోచింపదగిన విషయము. దీనిలో ఆయన దోషమేమియు లేదు. అంత సూక్ష్మముగా రంగులను అచ్చువేయగల యంత్రములు, అంత వెల పెట్టగల పాఠకులు అప్పుడు అచ్చటనే ఎక్కువ. సూరతు దృశ్యములు 17వ శతాబ్దిలో ఓడ ఎక్కినట్లే సూరతువాని దృష్టియు ఓడ ఎక్కినది. భేదమేమనగా ఈసారి చూచినవాడు ఊరివాడు.

ఇంతలో ఊరు మారిపోయినది. 1972లో ఉకాయి ఆనకట్ట పూర్తియైనది. వజ్రములను సానబట్టు పని, కృత్రిమపట్టు నేత, ఈ రెండును లక్షలకొలది మనుష్యులను రప్పించినవి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయము పుట్టి, మూతికి గుడ్డలు కట్టుకొని రైలుస్టేషను వైపు పరుగెత్తు జనుల ఛాయాచిత్రములు ప్రపంచమంతట పత్రికలలో వచ్చినవి. హిందీలో ముఖమని అర్థము గల పేరు కలిగిన నగరమునకు ఆ సంవత్సరము లోకమెరిగిన రూపము ముఖము కప్పుకొన్న రూపమైనది. తరువాత నగరపాలక కమీషనరుగా వచ్చి, 1995 మొదలు 1997 వరకు వీథులను, మురుగును, మురికిపేటలను శుభ్రము చేయించి నగరమునకు పేరు తెచ్చినవాడు మన తెలుగువాడు, సూర్యదేవర రామచంద్రరావు. సూరతువారు ఎస్.ఆర్. రావని నేటికిని తలచుకొందురు. 2006 ఆగస్టులో ఉకాయి నుండి వదలిన నీటితో నగరములో అధికభాగము మునిగినది. 1837 వరదకు ఒక్క ఛాయాచిత్రము లేదు. ఈ వరదకు మేడమేడ మీద కెమేరా ఉన్నది.

నేడు సూరతున చిత్రప్రదర్శనమునకు చోట్లు కలవు. 1890లో వించెస్టరు అను అధికారి పేర స్థాపింపబడి, పిమ్మట సర్దారు పటేలు పేరు ధరించిన సంగ్రహాలయము, 2009లో తెరచిన సైన్సు సెంటరులో చిత్రశాల, నగరపాలకసంస్థ బాగుచేయించి సంగ్రహాలయముగా మార్చిన ఖుదావంద్ ఖాను కోట, ఇట్టివి. లండను మందిరమున గోడ దొరకని నగరమునకు తన స్వంత కోటగోడయే దొరికినదని సంతోషింపవచ్చును. అయితే ఒక సందేహము. ప్రకృతిదృశ్యము తీయగోరు ఔత్సాహికునకు డుమస్ నల్లఇసుక తీరము, గవియర్ చెరువున శీతకాలపు పక్షులు, వంతెన మీద సూర్యాస్తమయము, ఇవి వెంటనే కంటికి తగులును. అందమైనవే, తీయవలసినవే. కాని లింబాయత్ పేటలో సూర్యుడు అస్తమింపడా? వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నుండి మరమగ్గముల పనికి పోయిన మన పద్మశాలీలు అచ్చట తరతరములుగా కాపురమున్నారు. నగరపాలకసంస్థ పాఠశాలలు ఏడు భాషలలో నడచుచుండ, అందు తెలుగు ఒకటి. ఆ సందులలో మగ్గముల చప్పుడు పగలు రాత్రి ఆగదు. నూలు ధూళి పట్టిన కిటికీ మీద పడు వెలుతురు ఏ మంచుకొండ మీది వెలుతురునకును తీసిపోదు. దృశ్యమనగా మనుష్యులు లేని చోటు అను అభిప్రాయము ఎచ్చటినుండి వచ్చినదో గాని, విజ్ఞప్తిపత్రములు వ్రాసినవారికి అది లేదు. వారు అంగడిని వ్రాసిరి, అంగడివానిని వ్రాసిరి, త్రాసును సైతము వ్రాసిరి.

నగరమధ్యమున గోపీతలావ్ అను చెరువు కలదు. మలిక్ గోపీ 1510 ప్రాంతమున దీనిని త్రవ్వించెనందురు. 1623లో సూరతునకు వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె దీనిని చూచి తన లేఖలలో వర్ణించెను. 18వ శతాబ్దిలో రాళ్లు ఇతర కట్టడములకు తరలిపోయి చెరువు ఎండినది. హోపు కాలమున కెమేరాలు వచ్చునాటికి అచ్చట నీరు లేదు. నగరపాలకసంస్థ దానిని మరల త్రవ్వించి, మెట్లు కట్టించి, 2015 ప్రాంతమున ప్రజలకు తెరచినది. నిండిన గోపీతలావ్ అప్పుడు మొదటిసారిగా ఛాయాచిత్రమునకు చిక్కినది. సాయంకాలము అచ్చటికి వచ్చు కుటుంబములు గట్టు మీద నిలిచి, నీటికి వీపు పెట్టి, చేతిలోని ఫోనుతో తమ ముఖములను ఆ నీటితో కలిపి తీసికొందురు. ఆ బొమ్మలలో చెరువు వెనుకకు జరిగి, ముఖములు ముందుకు వచ్చును.